రికార్డరులోని గొంతును కంప్యూటర్‌లోకి ఎక్కించడం: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

కొన్ని నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో చేతిలో ఇమిడే రికార్డర్ల గురించినవే ఎక్కువగా ఉంటున్నాయి. కథ చెప్పేవారినీ, పాట పాడేవారినీ, ఇంట్లోని పెద్దలనూ శ్రమపడి రికార్డు చేసుకున్నవారు, ఆ రికార్డింగును కంప్యూటర్‌లోకి ఎక్కించే దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతున్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయించాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట వాటిని కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాము.

ప్రశ్న: నేను ఒగ్గుకథ మీద పరిశోధన చేస్తున్నాను. కొమురవెల్లి దగ్గరి ఒక ఊరిలో రాత్రంతా సాగిన మల్లన్న కథను జూమ్ హెచ్1ఎన్ రికార్డరుతో రికార్డు చేశాను. దానిని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపితే రికార్డరు తెర వెలుగుతోంది గానీ ల్యాప్‌టాప్‌లో ఏమీ కనిపించడం లేదు. పైగా ఆగకుండా చేసిన రికార్డింగు నాలుగు ముక్కలుగా ఉన్నట్టు రికార్డరు చూపిస్తోంది. అది పాడైందా? — ఒక పరిశోధక విద్యార్థిని, సిద్దిపేట

జవాబు: పాడవలేదు. తెర వెలిగిందంటే కేబుల్‌లో కరెంటు పారుతున్నదని మాత్రమే అర్థం. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో నాలుగు తీగలు ఉంటాయి. వాటిలో రెండు కరెంటుకు, రెండు సమాచారానికి. చవకరకం చార్జర్లతోనూ పవర్‌బ్యాంకులతోనూ ఇచ్చే కేబుళ్లలో కొన్నింటికి కరెంటు తీగలు రెండే ఉంటాయి. పైకి చూస్తే రెండు రకాలకూ తేడా తెలియదు. అదే కేబుల్‌తో ఒక ఆండ్రాయిడ్ ఫోనును ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోను అడిగినప్పుడు ఫైల్ ట్రాన్స్‌ఫర్ అన్నదానిని ఎంచుకుని, ఫొటోలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. కనిపించకపోతే దోషం కేబుల్‌దే.

కేబుల్ మంచిదే అయితే రికార్డరు తెరను ఒకసారి చూడండి. మీ దగ్గరున్న రకం రికార్డర్లు రెండు పనులు చేయగలవు. కార్డ్ రీడర్‌గా ఉన్నప్పుడు పెన్‌డ్రైవ్ లాగా కనిపిస్తాయి. ఆడియో ఇంటర్‌ఫేస్‌గా ఉన్నప్పుడు కంప్యూటర్‌కు మైకులా పనిచేస్తాయి. మీకు కావలసింది మొదటిది. రెండవది ఎంచుకుంటే ఫైళ్లు కనిపించవు, కనిపించకూడదు కూడా. ఈ తంటాలేవీ అక్కరలేదనుకుంటే రికార్డరును ఆపి, అందులోని మైక్రో ఎస్‌డీ కార్డును తీసి, కార్డ్ రీడర్‌లో పెట్టి ల్యాప్‌టాప్‌కు తగిలించండి. నేనైతే ఎప్పుడూ ఇలాగే చేస్తాను. పెద్ద ఫైళ్లు త్వరగా వస్తాయి.

ఇక నాలుగు ముక్కల సంగతి. మీరు 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్, స్టీరియో అమరికలో రికార్డు చేసి ఉంటే సెకనుకు 2,88,000 బైట్లు పోగవుతాయి. అంటే గంటకు సుమారు 1 గిగాబైటు. ఫైలు 2 గిగాబైట్లకు చేరగానే ఈ రికార్డరు దానిని మూసి కొత్తది తెరుస్తుంది. లెక్క కడితే అది సుమారు 2 గంటల 4 నిమిషాలకు ఒకసారి జరుగుతుంది కాబట్టి, తెల్లవార్లూ సాగిన కథ నాలుగు ఫైళ్లు కావడం సహజమే. అంతకంటే పెద్ద ఫైళ్లను కొన్ని పాత ప్రోగ్రాములు సరిగా చదవలేవు. పైగా 32 గిగాబైట్ల వరకు ఉండే కార్డులు వాడే ఫ్యాట్32 పద్ధతిలో ఏ ఫైలూ 4 గిగాబైట్లకు చేరడానికి వీలులేదు. కంప్యూటర్‌లోకి వచ్చిన తరువాత ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో ఆ నాలుగింటినీ వరుసగా ఒకదాని వెనుక ఒకటి చేర్చుకోవచ్చు. అయితే చేర్చిన ఫైలు వినడానికి మాత్రమే. విడివిడిగా ఉన్న నాలుగు అసలు ఫైళ్లనూ అలాగే ఉంచండి.

ఎక్కించేటప్పుడు కట్ అన్న ఆదేశాన్ని ఎన్నడూ వాడవద్దు, కాపీ మాత్రమే చేయండి. ఒక సంగతి చెబుతాను. మా పెదనాన్నగారు తన చిన్నతనంలో పండించిన వరి రకాల గురించి గంటన్నర సేపు చెప్పిన మాటలను నేను రికార్డరు నుంచి నేరుగా ఒక పెన్‌డ్రైవ్‌కు కట్ చేసి మార్చాను. తెర మీద ఆకుపచ్చ గీత చివరిదాకా వెళ్లింది కదా అని పెన్‌డ్రైవ్‌ను ఠక్కున లాగేశాను. మరునాడు చూస్తే ఫైలు పేరు ఉంది, పక్కన సున్నా బైట్లని ఉంది. రికార్డరులో అసలు ఫైలు లేదు. కంప్యూటర్ తన దగ్గర పోగుచేసుకున్న సమాచారాన్ని పెన్‌డ్రైవ్‌లో రాయడం పూర్తికాకముందే నేను దానిని తీసేశానన్నమాట. అప్పటి నుంచి నా పద్ధతి మారింది. కాపీ చేసిన తరువాత రెండువైపులా బైట్ల సంఖ్య సరిపోయిందో లేదో చూస్తాను. ప్రతి ఫైలునూ మొదట్లో, నడిమధ్యలో, చివర్లో అర నిమిషం చొప్పున వింటాను. మరొక డిస్కులో ఇంకొక ప్రతి తీస్తాను. ఈజెక్ట్ నొక్కిన తరువాతే తీగను తీస్తాను. ఇవన్నీ అయిన తరువాతే కార్డును ఖాళీ చేస్తాను, అదీ కంప్యూటర్‌లో కాదు, రికార్డరులోని ఫార్మాట్ ఆదేశంతో.

ప్రశ్న: బడిపిల్లలు పాడిన పాటలున్న మెమరీ కార్డును మా పాఠశాల కంప్యూటర్‌లో పెడితే, ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి అన్న సందేశం వస్తోంది. ఫార్మాట్ చేస్తే పాటలు పోతాయా? — ఒక ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: చేయవద్దు. ఆ సందేశాన్ని మూసివేసి, కార్డును బయటకు తీయండి. కార్డు చెడిపోతేనే ఆ మాట వస్తుందని లేదు, కంప్యూటర్‌కు ఆ కార్డు అర్థం కాకపోయినా వస్తుంది. ఉదాహరణకు 64 గిగాబైట్లు, అంతకుమించిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఉంటాయి. 32 గిగాబైట్ల వరకే తెలిసిన పాత కార్డ్ రీడర్లు వాటిని చదవలేక తికమకపడతాయి. కార్డును తిరిగి రికార్డరులో పెట్టి పాటలు వినిపిస్తున్నాయో లేదో చూడండి. వినిపిస్తే సగం దిగులు తీరినట్టే. రికార్డరునే కేబుల్‌తో కలిపి కాపీ చేసుకోండి, లేదా కొత్త కార్డ్ రీడర్ ఒకటి తెచ్చుకోండి.

రికార్డరు కూడా కార్డును గుర్తించకపోతే, ఇకపై దానిమీద ఒక్క అక్షరమైనా కొత్తగా రాయనీయకూడదు. పెద్ద ఎస్‌డీ కార్డు అయితే పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరపండి. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము కార్డును మొదటి నుంచి చివరి దాకా వెదికి, ధ్వని ఫైళ్ల ఆనవాళ్లు దొరికినచోటల్లా వాటిని బయటకు తీస్తుంది. పేరు చూసి ఫొటోలకు మాత్రమే అనుకోనక్కరలేదు. బయటకు తీసిన ఫైళ్లను అదే కార్డులో కాక కంప్యూటర్ డిస్కులో పెట్టమని దానికి చెప్పాలి. ఫైళ్ల పేర్లు పోయి అంకెలు మిగులుతాయి. విని పేర్లు పెట్టుకోవలసిందే. డిస్కును బాగుచేస్తానని విండోస్ ముందుకు వచ్చినా, ఫైళ్లు చేతికి వచ్చేదాకా ఆ పని చేయనివ్వకండి.

ప్రశ్న: ఒక వృద్ధ కళాకారుడితో మాట్లాడుతుండగా రికార్డరు బ్యాటరీలు అయిపోయి అది ఆరిపోయింది. కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఫైలు పరిమాణం 600 మెగాబైట్లకు పైగా ఉన్నా, తెరిస్తే నిడివి సున్నా సెకన్లు అని చూపిస్తోంది. ఆయన మాటలు పోయినట్టేనా? — ఒక విలేకరి, అనంతపురం

జవాబు: పరిమాణం అంత ఉన్నదంటే మాటలు అందులోనే ఉన్నాయి. వేవ్ ఫైలు మొదట్లో ఒక చిన్న శీర్షభాగం ఉంటుంది. ఎన్ని బిట్లు, సెకనుకు ఎన్ని నమూనాలు, మొత్తం ఎంత ధ్వని అన్న వివరాలు అందులో ఉంటాయి. మొత్తం ఎంత అన్నది రికార్డింగు ఆపినప్పుడే తెలుస్తుంది కనుక, చాలా రికార్డర్లు ఆ గడిని చివరలో నింపుతాయి. మధ్యలో కరెంటు పోతే అది సున్నాగా మిగిలిపోతుంది. పెట్టెనిండా ధాన్యం ఉన్నా పైనున్న చీటీ మీద ఖాళీ అని రాసినట్టు, ప్రోగ్రాములు ఆ చీటీని నమ్మి లోపలికి చూడవు.

చీటీని పక్కనపెట్టి లోపలి సరుకును నేరుగా చదివే వీలు ఆడాసిటీలో ఉంది. ముందుగా ఫైలుకు ఒక నకలు తీసి ఆ నకలు మీదనే పనిచేయండి. ఫైల్ మెనూలో ఇంపోర్ట్, దానిలో రా డేటా అని ఉంటుంది. అక్కడ మీరు నాలుగు సంగతులు చెప్పాలి. రికార్డరు 16 బిట్లలో ఉంటే సైన్డ్ 16 బిట్ పీసీఎమ్, 24లో ఉంటే సైన్డ్ 24 బిట్ పీసీఎమ్. బైట్ల వరుస లిటిల్ ఎండియన్. చానళ్లు ఒకటో రెండో. రేటు 44,100 లేదా 48,000. అదే రికార్డరుతో అదే అమరికలో చేసిన మరొక మంచి ఫైలు ఉంటే, దాని వివరాలు చూసి ఇవే అంకెలు ఇవ్వవచ్చు.

ఏది తప్పు చెప్పామో ధ్వనే చెబుతుంది. స్టీరియో ఫైలును ఒక్క చానల్‌గా చదివితే మాట సగం వేగంతో, బరువుగా, సాగదీసినట్టు వస్తుంది. 48,000 బదులు 44,100 ఇస్తే మనిషి గొంతు కొద్దిగా లావై నెమ్మదిస్తుంది. మొత్తం హోరుగా, వాన పడుతున్నట్టు వినిపిస్తే బిట్ల సంఖ్య తప్పైనా అయి ఉండాలి, లేదా చదవడం మొదలుపెట్టిన చోటు ఒకటి రెండు బైట్లు పక్కకు జరిగైనా ఉండాలి. స్టార్ట్ ఆఫ్‌సెట్ అన్న గడిలో 0 బదులు 1, తరువాత 2 వేసి చూడండి. సరిగ్గా కుదిరినప్పుడు మొదట్లో చిన్న టక్కుమన్న చప్పుడు, ఆ వెంటనే మీ కళాకారుడి గొంతు వినిపిస్తాయి. ఆ చప్పుడు శీర్షభాగానిదే. దానిని కోసివేసి, కొత్త పేరుతో వేవ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. చివరి కొన్ని సెకన్లు మాత్రం కార్డులోకి ఎక్కకుండానే పోయి ఉండవచ్చు.

ప్రశ్న: 1980లలో మా నాన్నగారు కువైట్‌లో పనిచేసేవారు. ఉత్తరాలకు బదులు క్యాసెట్లలో మాట్లాడి, ఊరికి వచ్చేవారి చేత పంపించేవారు. అటువంటివి 90 నిమిషాల క్యాసెట్లు 14 మా దగ్గర ఉన్నాయి. ఆయన తెచ్చిన నేషనల్ పానసోనిక్ టేపురికార్డరూ ఉంది, పనిచేస్తోంది. వీటిని కంప్యూటర్‌లోకి తేవడానికి ఏదైనా యంత్రం కొనాలా? ఎంతసేపు పడుతుంది? — ఒక గృహిణి, రాజంపేట

జవాబు: పెద్ద యంత్రమేమీ అక్కరలేదు గానీ, తీరిక కావాలి. క్యాసెట్టులో ఉన్నది ఫైలు కాదు కాబట్టి కాపీ చేయడం అన్నదే ఉండదు, సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో టేపు నడుస్తుండగా వచ్చే ధ్వనిని కంప్యూటర్ వింటూ రాసుకోవాలి. 14 క్యాసెట్లకు 21 గంటలు. రోజుకు ఒక్క పక్క చొప్పున పెట్టుకున్నా నెలరోజుల్లోపు పూర్తవుతుంది.

ముందు క్యాసెట్ల పని చూడండి. ప్రతి క్యాసెట్టు వెనుక అంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్లలను విరిచేయండి; ఇక పొరపాటున రికార్డు మీట నొక్కినా దానిమీద ఏదీ ఎక్కదు. కిటికీలోంచి చూసినప్పుడు టేపు చుట్టమీద తెల్లని బూజు ఉంటే దానిని ఇంట్లో నడపవద్దు, విడిగా పెట్టండి. బూజు లేనివాటిని పెన్సిల్‌తో రెండు చుట్లు తిప్పి బిగువు సరిచేసి, ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కు నడపండి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఇలా చేస్తే విడివడతాయి. టేపు వెనుక చిన్న ఇత్తడి రేకు మీద ఉండే మెత్తని స్పాంజి ముక్క ఊడిపోయి ఉంటే ధ్వని మందంగా, వస్తూ పోతూ ఉంటుంది. అటువంటప్పుడు స్క్రూలున్న మరొక క్యాసెట్టు డొక్కును విప్పి, చుట్టలను దానిలోకి మార్చుకోవాలి.

మీ పాత టేపురికార్డరును మార్చవద్దు. నాన్నగారు మాట్లాడింది కూడా దానిలోనే అయితే మరీ మంచిది. రికార్డు చేసినప్పుడు హెడ్డు, అంటే టేపును తాకుతూ ధ్వనిని రాసే, చదివే భాగం, ఏ కోణంలో ఉన్నదో, వినిపించేటప్పుడూ అదే కోణంలో ఉంటేనే స, ష వంటి పదునైన ధ్వనులు స్పష్టంగా పలుకుతాయి. వేరే యంత్రంలో అవి దుప్పటి చాటు నుంచి వచ్చినట్టు ఉంటాయి. హెడ్డునూ, టేపును లాగే రబ్బరు చక్రాన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. గోధుమరంగు మసి రావడం ఆగేదాకా తుడవాలి. ధ్వని ఊగుతున్నా, నడక నెమ్మదించినా లోపలి రబ్బరు బెల్టు సాగిపోయిందని అర్థం. మెకానిక్ చేత బెల్టు మార్పించండి. హెడ్డు పక్కనున్న స్క్రూను మాత్రం ముట్టుకోవద్దని అతనికి గట్టిగా చెప్పండి.

టేపురికార్డరుకు ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి కంప్యూటర్‌కు 3.5 మిల్లీమీటర్ల పిన్నులు రెండు చివరలా ఉన్న కేబుల్ వేయాలి. డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే వెనుకనున్న నీలం రంగు రంధ్రం, అంటే లైన్ ఇన్, దీనికోసమే ఉన్నది. గులాబీ రంగుది మైకుకు, ఆకుపచ్చది స్పీకర్లకు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఒకే రంధ్రం ఉంటుంది. అది హెడ్‌సెట్ కోసం చేసినది. మైకు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని ఆశించి కూర్చుంటుంది, పైగా మామూలు మూడు వలయాల పిన్నులోని ధ్వనిని తీసుకోదు. అందువల్ల లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో అడాప్టర్ ఒకటి కొనుక్కోండి. కొనవలసింది ఇదొక్కటే. పాత చిన్న టేపురికార్డర్ల ఇయర్‌ఫోన్ రంధ్రం మోనో కావడం వల్ల ధ్వని ఒక పక్కే వస్తే కంగారుపడవద్దు. ఆడాసిటీలో ఒక్క చానల్ ఎంచుకోండి, ఫైలు పరిమాణం కూడా సగమవుతుంది.

విండోస్ అమరికలలో ఆ ఇన్‌పుట్‌కు ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నవి ఆపివేయండి. అవి ఆన్‌లైన్ మీటింగులలో ఫ్యాను చప్పుడును తగ్గించడానికి పెట్టినవి. మీ నాన్నగారి మాట తగ్గినచోటల్లా దానినీ ఫ్యాను చప్పుడుగా భావించి నొక్కేస్తాయి. తరువాత టేపురికార్డరు వాల్యూమును సగానికి పెట్టి, క్యాసెట్టులో అన్నింటికంటే గట్టిగా మాట్లాడినచోటు వెదకి, ఆడాసిటీ కొలతపట్టీలో ధ్వని మైనస్ 6 డెసిబెల్స్ దగ్గరకు వచ్చి ఆగేలా సర్దండి. సున్నాను తాకితే ఆ అల తల తెగిపోతుంది, దానిని తరువాత ఎవరూ అతికించలేరు. తక్కువగా ఉంటే తరువాత పెంచుకోవచ్చు. గుంయ్‌మనే హోరు వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జరు తీసివేసి, టేపురికార్డరుకు అడాప్టర్ బదులు బ్యాటరీలు వేయండి. చాలాసార్లు అక్కడితోనే పోతుంది.

ఒక పక్క మొత్తాన్నీ ఆపకుండా ఒకే ఫైలుగా తీసుకోండి. మాటల మధ్య నిశ్శబ్దాలు ఉన్నాయనీ, వెనుక ఎవరో పిలిచారనీ కోయవద్దు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు పెట్టుకోండి. ధ్వని భండారాల అంతర్జాతీయ సంఘం అయిన ఇయాసా, టేపుల వంటివాటికి కనీసంగా సూచించినది ఇదే. మోనోలో గంటకు సుమారు 520 మెగాబైట్ల చొప్పున మీ 21 గంటలకు 11 గిగాబైట్లు అవుతుంది. ఒక సాధారణ పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది.

మరొక చిక్కు ఎదురుకావచ్చు. అప్పట్లో బ్యాటరీలు నీరసించిన స్థితిలో రికార్డు చేసి ఉంటే టేపు నెమ్మదిగా నడిచి ఉంటుంది. ఇప్పుడు సరైన వేగంలో నడిపితే గొంతు చిన్నపిల్లల గొంతులా సన్నగా, తొందరగా వస్తుంది. ఆడాసిటీలోని ఛేంజ్ స్పీడ్‌తో, నకలు మీద మాత్రమే, దానిని సరిచేయవచ్చు. ఎంత మార్చాలన్నది చెవితో తేల్చుకోలేకపోతే వెనుకనున్న చప్పుళ్లను ఆశ్రయించండి. కువైట్‌లోనూ మన దగ్గర లాగే కరెంటు 50 హెర్ట్జ్‌దే కాబట్టి, గదిలోని ట్యూబ్‌లైట్ చోకు హోరు 100 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. ఏ హెర్ట్జ్ దగ్గర ధ్వని ఎంత ఉన్నదో గీతగా చూపే ఆడాసిటీలోని ప్లాట్ స్పెక్ట్రమ్‌లో ఆ హోరు శిఖరం 105 దగ్గర కనిపిస్తే టేపు ఇప్పుడు నూటికి అయిదు వంతులు ఎక్కువ వేగంతో నడుస్తున్నదన్నమాట. నలభై ఏళ్లనాటి ట్యూబ్‌లైట్ ఈ పనికి వస్తుందని దానిని బిగించినవారు ఊహించి ఉండరు.

ప్రశ్న: 2003లో ఊరికి వచ్చినప్పుడు మా నాన్నమ్మ పాడిన పెళ్లిపాటలను సోనీ మినీడిస్క్ రికార్డరులో మైకు పెట్టి రికార్డు చేశాను. అది నెట్‌ఎమ్‌డీ రకం, యూఎస్‌బీ రంధ్రం ఉంది. అయినా పాటలు కంప్యూటర్‌లోకి రావడం లేదు. — ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: రంధ్రం ఉన్నా దారి ఒకవైపే. 1992లో వచ్చిన మినీడిస్క్‌కు తరువాత చేర్చిన నెట్‌ఎమ్‌డీ పద్ధతిని కంప్యూటర్ నుంచి డిస్కులోకి పాటలు పంపడానికే రూపొందించారు. మీరు సొంత మైకుతో రికార్డు చేసుకున్నదానిని కూడా తిరిగి పంపనివ్వకపోవడం, నా దృష్టిలో, పాటల నకళ్లు పుట్టుకొస్తాయన్న భయంతో కొనుగోలుదారుకు చేసిన అన్యాయం. పాత డిస్కులను కూడా డిజిటల్‌గానే కంప్యూటర్‌కు పంపగల ఎమ్‌జెడ్-ఆర్‌హెచ్1 అనే నమూనాను సోనీ 2006లో తెచ్చింది. వాడినవి ఇప్పటికీ అమ్మకానికి వస్తాయి గానీ ధర ఎక్కువ. ఈ మధ్య ఔత్సాహికులు తయారు చేసిన వెబ్ మినీడిస్క్ ప్రో అనే ఉచిత ప్రోగ్రాము, సోనీవే అయిన కొన్ని నెట్‌ఎమ్‌డీ పోర్టబుల్ యంత్రాల నుంచి క్రోమ్ బ్రౌజర్ ద్వారా రికార్డింగులను బయటకు తీయగలుగుతోంది. ముందుగా ఏమీ లేని వేరొక డిస్కుతో దానిని పరీక్షించి చూడండి.

అది కుదరకపోతే పై ఉత్తరంలో చెప్పిన దారి ఉండనే ఉంది: హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి లైన్ ఇన్‌కు కేబుల్. నాన్నమ్మ ఒక్క గొంతుతో పాడిన పాటలకు దానివల్ల వచ్చే నష్టం చెవికి తెలియదు. రికార్డరులో బేస్ పెంచే మీటలుంటే అన్నీ ఆపివేయండి. డిస్కు పక్కనున్న మీటను రికార్డు వీలుకాని వైపు జరపడం మరిచిపోవద్దు. డిస్కులో ఏ పాట ఎక్కడున్నదో చెప్పే సూచిక చిన్న పొరపాటుకే తిరగరాయబడుతుంది.

ప్రశ్న: పదిహేనేళ్ల క్రితం ఆఫీసులో వాడిన ఒలింపస్ రికార్డరు నుంచి ఫైళ్లను కాపీ చేశాను. వాటి చివర డీఎస్‌ఎస్ అని ఉంది. ఆ అక్షరాలను ఎమ్‌పీ3 అని మార్చినా తెరుచుకోవడం లేదు. — ఒక విశ్రాంత స్టెనోగ్రాఫరు, విజయవాడ

జవాబు: పేరు చివర అక్షరాలు మార్చడమంటే సీసా మీద కాగితం మార్చడమే. డీఎస్‌ఎస్ అన్నది డిక్టేషన్ కోసం చేసిన, తక్కువ చోటులో ఎక్కువ మాటలను పట్టించే ప్రత్యేక పద్ధతి. పేర్లను తిరిగి మునుపటిలాగే మార్చండి. తయారీదారు ఇచ్చిన ప్లేయర్ ప్రోగ్రాములో వాటిని తెరిచి, వేవ్‌గా సేవ్ చేసుకోండి; డీఎస్‌ఎస్ ఫైళ్లనూ పారవేయకండి. సోనీ పాత రికార్డర్ల డీవీఎఫ్, ఎమ్‌ఎస్‌వీ ఫైళ్లదీ ఇదే కథ. వాటికి డిజిటల్ వాయిస్ ఎడిటర్ అనే ప్రోగ్రాము కావాలి, అది పాత విండోస్‌లోనే సరిగా పనిచేస్తుంది. ఏదీ పనిచేయకపోయినా రికార్డరు ఇంకా పలుకుతుంటే ఇయర్‌ఫోన్ రంధ్రం ఉండనే ఉంది.

ప్రశ్న: రికార్డరు నుంచి ఎక్కించిన 40 ఫైళ్లలో సగానికి 2000 జనవరి తేదీలు, మిగతావాటికి నేను కాపీ చేసిన రోజు తేదీ కనిపిస్తున్నాయి. నిజానికి అవన్నీ 2023 సంక్రాంతి రోజులలో మా ఊరిలో రికార్డు చేసినవి. ఏది ఏ రోజుదో ఎలా తెలుసుకోవాలి? — ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఇందులో రెండు చిక్కులు కలిసిపోయాయి. కాపీ చేసిన రోజు తేదీని చూపిస్తున్నది క్రియేటెడ్ అన్న వరుస. ఆ ఫైలు మీ కంప్యూటర్‌లో పుట్టిన రోజు అది. ఫోల్డరులో డేట్ మాడిఫైడ్ అన్న వరుసను తెరిపిస్తే రికార్డరు వేసిన తేదీ కనిపిస్తుంది. వాట్సాప్ ద్వారానో మెయిలు ద్వారానో వచ్చిన నకళ్లలో అదీ మారిపోయి ఉంటుంది కాబట్టి కార్డు నుంచి నేరుగా కాపీ చేసినవాటినే చూడండి.

2000 జనవరి అని ఉన్నవాటి సంగతి వేరు. బ్యాటరీలు తీసినప్పుడు గడియారం మొదటికి వచ్చింది, మీరు సరిచేయలేదు. అయితే గడియారం తప్పు సమయాన్ని చూపించినా సరిగానే నడిచింది గదా. ఫైళ్ల మధ్య ఎడం నిజమైనదే. కాబట్టి ఒక్క ఫైలు అసలు తేదీ తెలిస్తే చాలు. తెల్లవారుజామున భోగిమంట దగ్గర రికార్డు చేసిన ఫైలుకు జనవరి 3 అని ఉన్నదనుకోండి. 2023లో భోగి జనవరి 14న వచ్చింది కనుక తేడా 11 రోజులు. జనవరి 5 అని ఉన్నది 16వ తేదీది, అంటే కనుమనాటిది. గంటలూ నిమిషాలూ కూడా కావాలంటే, ఆ రోజు మీ ఫోనుతో తీసిన ఫొటోలలో అదే సందర్భానిది ఒకటి వెదకండి. ఫోను గడియారం నెట్‌వర్కు నుంచి సరైన సమయాన్ని తీసుకుంటుంది. మధ్యలో మళ్లీ బ్యాటరీలు మార్చి ఉంటే అక్కడి నుంచి లెక్క కొత్తగా మొదలుపెట్టాలి. తేదీల వరుసలో ముందుకు పోతున్న ఫైళ్లు ఉన్నట్టుండి జనవరి 1కి వెనక్కు దూకినచోటు అదే.

తేలిన తేదీని ఫైలు పేరులో ముందుగా సంవత్సరం, తరువాత నెల, ఆ తరువాత రోజు వచ్చేలా అంకెలలో రాయండి. అప్పుడు ఫోల్డరులో ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. ఇక ముందు రికార్డు చేసేటప్పుడు, మీట నొక్కిన వెంటనే తేదీ, ఊరు, పాడేవారి పేరు మీ నోటితోనే మైకులో చెప్పండి.